ఘాటు కింద వేయించిన రంగు

నేను ఒక పాత ఫియట్ కారును. పుట్టింది బొంబాయిలో, తిరిగింది బెంగళూరులో, ముసలిదాన్నయింది చిత్తూరు జిల్లాలో వి.కోట పక్కన ఒక పల్లెలో. పుట్టినప్పుడు నా ఒంటి రంగు గంధం. ఇప్పుడు నా రంగేమిటని అడిగితే మాత్రం ఒక్క మాటలో చెప్పలేను, కొంచెం కూర్చోవాలి మీరు.

నా మొదటి యజమాని బెంగళూరులో బ్యాంకు ఆఫీసరు. సీట్ల మీది ప్లాస్టిక్ కవరు ఆయన రిటైరయ్యేదాకా విప్పలేదు. పదిహేనేళ్లు మనుషులు ఆ ప్లాస్టిక్ మీద కూర్చుని చెమటలు కక్కారే గాని, నా సీటు మెత్తదనం ఒక్కరూ ఎరగరు. తర్వాత కోలారులో ఒక పళ్ల డాక్టరుకు అమ్ముడుపోయాను. ఆయన ఇల్లు మారుతూ, కొత్తింటి గేటు నా వెడల్పుకు చాలదని గ్రహించి, గేటు పెంచే బదులు నన్ను వదిలించుకున్నాడు. అలా చెంగల్రాయుడింటికి వచ్చాను.

చెంగల్రాయుడు పట్టుపురుగులు పెంచే రైతు. ఆ మాట ఆయనే చెప్పుకుంటాడు. పెంచేది ఆయన భార్య వల్లెమ్మ. తెల్లారకముందే మల్బరీ ఆకు కోసేది, తరిగి అరల్లో పరిచేది, పురుగు ఒళ్లు చూసి దాని ఆరోగ్యం చెప్పేది ఆమె. పురుగులు గూళ్లు కట్టాక వాటిని నా వెనక సీట్లో నింపుకుని మార్కెట్టుకు వెళ్లి, మీసం దువ్వుకుంటూ తిరిగి రావడం ఆయన వంతు.

పురుగుల షెడ్డు దగ్గర వల్లెమ్మ కట్టుబాట్లు గట్టివి. పట్టుపురుగుకు ఘాటు వాసన పడదు. పౌడరు రాసుకున్నవాళ్లు లోపలికి రాకూడదు, వాసన నూనె పెట్టుకున్నవాళ్లు గడప తొక్కకూడదు. పెళ్లయిన కొత్తలో చెంగల్రాయుడు బీడీ తాగేవాడట. ఒకసారి షెడ్డు కిటికీ పక్కన ముట్టించాడని వల్లెమ్మ నాలుగు రోజులు ఆయన్ను పలకరించలేదట. ఆయన బీడీ మానేసింది ఆరోగ్యం కోసమని ఊరంతా అనుకుంటుంది. అప్పటికి పన్నెండేళ్లుగా ఆమె చేతిలో ఒక్క పంట పోలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు కొత్తగా పురుగులు తెచ్చుకుంటే, మొదటి మేత ఆమె చేత వేయించుకుంటారు. ఆ పేరంటే వల్లెమ్మకు ప్రాణం.

ఇక నా సంగతి. ఎండకు గంధం రంగు వెలిసి, అక్కడక్కడా తుప్పు పొడుచుకొచ్చింది. నాకేం బాధ లేదు. చెంగల్రాయుడికీ లేదు, ఆయన బామ్మర్ది దామోదరం కొత్త కారు కొనేవరకు. దానిలో అక్కను చూడ్డానికి వచ్చినవాడు నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"బావా, దీన్ని కడిగి ఎన్నాళ్లయింది?"

"పొద్దన్నే గదా కడిగింది."

"ఓ. అయితే ఇదే రంగా."

అంతే. ఆ రోజు చెంగల్రాయుడు అన్నం సరిగా తినలేదు. మర్నాడే వి.కోటలో పెయింటరును అడిగాడు. చెప్పిన ధర విని ఊరికే టీ తాగి వచ్చేశాడు. కొండ మీది ఘాటు రోడ్డు దిగితే అవతల తమిళనాడు, పేర్నంబట్టులో అదే పని సగానికి సగం చేస్తారని ఎవరో చెవినవేశారు. సరిహద్దు దాటితే సరుకు చవకవుతుందని మనుషులకు గొప్ప నమ్మకం. అవతలివాళ్లూ ఏదో ఒకటి చవకని ఇవతలికి వస్తూనే ఉంటారు. ఘాటు మలుపుల్లో రెండు వైపుల వాళ్లూ ఒకరికొకరు హారన్ కొట్టుకుంటూ, ఎవరికి వారే తెలివైనవాళ్లమనుకుంటూ పోతుంటారు.

పేర్నంబట్టులో రేకుల చూరు కింద పని చేసే ముస్తఫా మేస్త్రీ మంచి పనివాడు. తెలుగు, అరవం, ఉర్దూ ఆయన నోట్లో కలిసే కాపురం చేస్తున్నాయి. నా తుప్పు గీకి, లప్పం పెట్టి, పండుమిరపకాయ రంగు దట్టంగా కొట్టాడు. అద్దంలో చూసుకుని నేనే సిగ్గుపడ్డాను. ఆయన దగ్గర ధర తక్కువ ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. రంగు ఆరబెట్టే గది ఆయనకు లేదు. ఆకాశంలో సూర్యుడు ఉన్నాడు, అంతే.

"ఇంకా అయిదు దినాలు ఎండలో నిలబడాల సార్," అన్నాడు ముస్తఫా. "ఇప్పుడు పైన ఆరినట్టుంటాది, లోపల పచ్చి. వాసన కూడా పోలే."

"అయిదు దినాలు యాడుండాయి బాయ్? రేపు నా బామ్మర్దిని పిల్చుకొచ్చేది ఉండాది."

ముస్తఫా తాళంచెవి ఆయన చేతిలో పెట్టేశాడు. బామ్మర్దులు ఆయనకూ ఉన్నారు.

రెండో రోజే నన్ను ఘాటు ఎక్కించాడు. మధ్యాహ్నానికి ఇంటికి చేరి, ఎప్పుడూ నిలబెట్టే చోటే నిలబెట్టాడు, షెడ్డు గోడ నీడలో, కిటికీ పక్కన. ఏనాడూ లేనిది నాలుగు తలుపులకూ తాళం వేశాడు. కొత్త రంగుకు దుమ్ము అంటుతుందని నన్ను వదిలి, తాళంచెవి జేబులో వేసుకుని, కారు సర్వీసుకిచ్చి బస్సులో వస్తున్న దామోదరాన్ని తీసుకురావడానికి స్కూటరెక్కి వెళ్లిపోయాడు. వల్లెమ్మ అప్పటికి తోటలో ఆకు కోస్తోంది.

షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. పొర విడవడానికి మేత మాని పడుకోవడాన్ని ఇక్కడ జ్వరం అంటారు. నాలుగోది లేచాక పురుగు రాత్రీ పగలూ తింటుంది. వేల నోళ్లు ఒక్కసారిగా ఆకు నములుతుంటే రేకుల మీద సన్నటి జల్లు పడుతున్నట్టుంటుంది. ఇంకో నాలుగు రోజులు అలా తింటే గూడు కడతాయి. ఏళ్ల తరబడి ఆ కిటికీ పక్కన నిలబడి ఆ చప్పుడు వింటూ కునుకు తీయడం నాకు అలవాటు.

ఆ రోజు గాలి నా మీదుగా కిటికీలోకి వీస్తోంది. కాసేపటికి జల్లు పలచబడింది. ఇంకాసేపటికి ఆగిపోయింది. ఎందుకో నాకు అర్థమైంది. అర్థమై చేసేదేముంది, నాలుగు చక్రాలున్నా నా అంతట నేను ఒక్క అంగుళం జరగలేను. నా బతుకులో అంత సిగ్గుపడింది ఎన్నడూ లేదు.

వల్లెమ్మ ఆకు మోపుతో వచ్చి గుమ్మంలోనే ఆగింది. ఆమె ముందు విన్నది ఆ నిశ్శబ్దాన్నే. మోపు కింద పడేసి లోపలికి పరుగెత్తింది. పురుగులు తలలెత్తి ఊపుతున్నాయి, కిటికీ వైపు అరల్లో కొన్ని పచ్చటి రసం కక్కుతున్నాయి. ఆమె గాలి పీల్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

"సరోజా, ఇట్ల రామే. మీ అత్తను గూడా పిలువు," అని పక్కింటికి కేకేసింది.

తలుపులు లాగి చూసింది. తాళం. ఇంట్లోకి వెళ్లి రోకలి తెచ్చింది. నా ముందు తలుపుకున్న ముక్కోణపు చిన్న అద్దం మీద ఒక్క దెబ్బ వేసి, చేయి లోపలికి పెట్టి గడియ తీసింది. హ్యాండ్ బ్రేకు దించి గేరు న్యూట్రల్ చేసింది. పొద్దున పూట మొరాయించే నన్ను ఎన్నేళ్లుగా తోస్తోందో, ఆ పని ఆమెకు మొగుడికంటే బాగా తెలుసు.

"అక్కా, కొత్త రంగు," అంది సరోజ.

"రంగు మళ్ల ఏపించుకుంటాడులే మే. తొయ్."

ముగ్గురూ నా వీపు మీద చేతులానించి తోశారు. పచ్చి రంగులోకి ఆరు అరచేతులు దిగాయి. గులకరాళ్ల మీద పడుతూ లేస్తూ దూరంగా పల్లంలో ఉన్న కళ్లం దాకా వెళ్లాను. వల్లెమ్మ వెనక్కి పరుగెత్తి కిటికీలన్నీ తెరిచింది, రంగంటిన చేతులకు శుభ్రమైన గుడ్డలు చుట్టుకుని వాసన పట్టిన ఆకంతా ఎత్తేసి కొత్త ఆకు పరిచి, గుడ్డలు విప్పేసి గుమ్మంలో కూర్చుంది. నేను కళ్లంలోంచి చెవులు రిక్కించాను. చాలాసేపు ఏమీ లేదు. పొద్దు వాలుతుండగా, ఒక మూల నుంచి, సన్నగా జల్లు మొదలైంది. అంత దూరానికి నాకు వినపడలేదు. గుమ్మంలో వల్లెమ్మ మొహం మోకాళ్ల మీద పెట్టుకుని ఏడవడం చూసి తెలుసుకున్నాను.

చెంగల్రాయుడు స్కూటరు మీద బామ్మర్దితో వచ్చేసరికి నేను గోడ దగ్గర లేను. వెతుక్కుంటూ కళ్లానికి వచ్చాడు. పగిలిన అద్దం చూశాడు, నా వీపు చూశాడు, షెడ్డు గుమ్మంలో ఎరుపెక్కిన చేతులతో కూర్చున్న పెళ్లాన్ని చూశాడు.

"ఎన్ని పోయినాయి మే?" అన్నాడు చెంగల్రాయుడు, వల్లెమ్మ దగ్గరికి వెళ్లి.

"కిటికీ తట్టు రెండు అరలు. మిగిలినవి తింటా ఉండాయి."

"నాది తప్పు."

బీడీ ముట్టించిన నాడు కూడా ఆ మాట అనలేదట ఆయన.

నాలుగు రోజులకు పురుగులు గూళ్లు కట్టాయి. సంగతి తెలిసి ముస్తఫా కబురు పంపాడు, ఘాటు దిగి వస్తే వీపు మటుకు ఊరికే కొడతానని. దామోదరం కూడా, తానన్న మాటకు పశ్చాత్తాపపడ్డాడో ఏమో, వి.కోటలోనే మంచి రంగు తానే వేయిస్తానన్నాడు. చెంగల్రాయుడు రెంటికీ వద్దన్నాడు. రంగు అలాగే గట్టిపడిపోయింది. కొత్తింటి తలుపుకు పసుపు చేతులు అద్దినట్టు ఆరు చేతులు నా వీపున నిలిచిపోయాయి. మార్కెట్టులో నన్నిప్పుడు చేతుల కారంటారు. నా నివాసం కూడా కళ్లానికి మారింది.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. రోజూ గుడ్డతో నన్ను తుడిచే చెంగల్రాయుడు వీపు దగ్గరికొచ్చేసరికి మెల్లగా తుడుస్తాడు. పొద్దున్నే నేను మొరాయిస్తే భార్యాభర్తలిద్దరూ వచ్చి తోస్తారు. వల్లెమ్మ తన చేతుల గుర్తులోనే చేతులు పెడుతుంది. ఆయన సరోజ అత్త గుర్తులో పెట్టి, వేళ్లు పట్టక, చివరికి వల్లెమ్మ చేతి మీదే చెయ్యి వేసి తోస్తాడు.

ఈ మధ్య నేను తరచుగా మొరాయిస్తున్నాను. బ్యాటరీ పోయిందని వాళ్లు అనుకుంటున్నారు.