పాడవని పంపు

మా బావ పడవలో పంపు విప్పింది నేనే. దాన్ని బిగించకుండా మూడు రోజులు కూర్చున్నదీ నేనే. ఇప్పుడు అక్క ముఖం చూసి ఊపిరి పీల్చుకుంటున్నాను గానీ, మొదటి రోజు నా పరువు రేవులో కలిసింది.

ఇంజన్లు బాగుచెయ్యడం నా పని. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, చెవితో చేత్తో నేర్చుకున్నాను. పడవ ఇంజన్ని చల్లబరిచేది సముద్రం నీళ్లే. పంపు వాటిని లోపలికి లాగి, ఇంజను చుట్టూ తిప్పి, బయటికి వదులుతుంది. ఆ పొద్దున రేవులోనే పడవని ఒక చుట్టు తిప్పి చూస్తే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత అంచుదాకా పోయింది. ముల్లు పైకి పోతే పంపు పాడైనట్టే, ఇరవై ఏళ్లుగా నాకు తెలిసింది అదే. వెంటనే విప్పాను.

బల్ల మీద పరిచి చూస్తే రబ్బరు రెక్కలు బాగున్నాయి. గొట్టాల్లో చెత్త లేదు. కడిగి మళ్లీ చూశాను, ఏమీ లేదు. మధ్యాహ్నానికి బావ బయల్దేరాలి. రేవులో అందరికంటే దూరం పోయే పడవ ఆయనది. వాతావరణం ఆఫీసు వాళ్లు చిన్న వాన అన్నారు.

"పంపు విప్పావా, పేలు చూస్తున్నావా?" అన్నాడు బావ మా షెడ్డు గుమ్మంలో నిలబడి.

తప్పు దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు. రేపు ఇస్తానన్నాను. చదువు లేనివాడి చేతిలో ఇంజను పెట్టడం తనదే బుద్ధితక్కువని నలుగురూ వినేలా తిట్టి వెళ్లాడు. చదువుకున్నవాడు చేస్తే పొరపాటు, నేను చేస్తే చదువులేనితనం. అలవాటైపోయింది.

మర్నాడు తెల్లారేసరికి ఆ చిన్న వాన తుఫానైంది. మా షెడ్డు రేకులు లేచిపోయాయి. ముందే వెళ్లిన రెండు పడవలు దగ్గర్లోనే ఉన్నాయి గనక పడుతూ లేస్తూ రేవు చేరాయి. అద్దాలు పగిలాయి, మనుషులు దక్కారు. బావ ఉండాల్సిన చోటు నుంచైతే అని మొదలుపెట్టి అక్క ఆగిపోయింది. ఆయన మాత్రం తువ్వాలు నెత్తిన వేసుకుని ఆమె పక్కనే కూర్చుని, టీ చల్లారిపోయిందని సణుగుతున్నాడు. ఆ సణుగుడు నాకెప్పుడూ అంత కమ్మగా వినపడలేదు.

మూడో రోజు మేనకోడలు ఇంటికొచ్చింది. ఆ వాతావరణం ఆఫీసులోనే దాని ఉద్యోగం. పంపు సంగతి దానికొక్కదానికే చెప్పాను. భూమి మీద పెరిగే వేడిలో ఎక్కువ భాగం సముద్రమే మింగుతోందని, ఈ ఏడు మరీ కాగిందని, ఆ వేడి తాగి వాన రాత్రికి రాత్రి అంత బలిసిందని చెప్పింది. ఇలాంటివి ఇకమీదట మరీ ముదురుతాయంది.

"నీ ముల్లు అబద్ధం చెప్పలేదు మామయ్యా. పంపు లాగిందే వేడి నీళ్లు."

పంపు పట్టుకెళ్లి బావ దగ్గర ఒప్పుకున్నాను, దానికి ఏ రోగమూ లేదని. తిడతాడనుకున్నాను. రబ్బరు రెక్కల్ని వేలితో కాసేపు తిప్పుతూ కూర్చున్నాడు.

"తొందరేం లేదురా. సముద్రం చల్లబడేదాకా బాగుచేస్తూ ఉండు," అన్నాడు.

అక్క నవ్వింది, మూడు రోజుల తర్వాత.

పంపు బిగించి, పక్కనే ఒక థర్మామీటరు వేలాడదీశాను. ఇప్పుడు బావ బకెట్టుతో నీళ్లు తోడి వేడి చూడనిదే, మేనకోడలికి ఫోను చెయ్యనిదే, తాడు విప్పడు. అంకె చదవడానికి మాత్రం నన్నే పిలుస్తాడు.