వలలో బాళె

“ఆ చెరువుకాడికి మాత్రం పోవద్దు షాలినీ. ఆ నీళ్లల్లో ఏముండాదో ఎవురికి ఎరుక? పోయినావంటే కాళ్లిరగ్గొడతా, చూడు!”

కృపమణి రోజూ అనే మాటే అది. ఎమ్మిగనూరు రోడ్డు మీద గనుల లారీలు మొదలైనప్పటి నుంచి ఆమె భయాలకు అంతు లేదు. రోడ్డు దాటితే లారీ భయం, గాలి పీలిస్తే ఎర్రదుమ్ము భయం. చెరువు సంగతి సరేసరి. పన్నెండేళ్ల కూతురు తలైతే ఊపింది గానీ, దండెం మీది తెల్ల స్కూలు చొక్కాకు పట్టిన ఎర్రదుమ్మును చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూస్తే దండెం మీద చొక్కా లేదు. పిల్లా లేదు.

అంతలో చెరువు వైపు నుంచి కన్నడంలో కేకలు.

“బాళె సిక్కైతి! బలెయాగ దొడ్డ బాళె సిక్కైతి!”

వలలో పెద్దదేదో చిక్కిందట. ఆదోని నుంచి ఈ కన్నడ ఊరికి కోడలై వచ్చిన కృపమణికి తెలిసిన బాళె సంతలో అరటిపండు ఒక్కటే. వలలో అరటిపండు చిక్కదు కదా! ఆమె చెవికి అది ‘బాలె’ అని వినబడింది. బాలె. ఆడపిల్ల.

చేతిలో గరిటెతోనే పరుగెత్తింది.

గట్టు మీద జనం. వాళ్ల కాళ్ల మధ్య, బురదలో, దేన్నో పొడుగ్గా పడుకోబెట్టి తడిగుడ్డ కప్పారు. కృపమణి మోకాళ్ల మీద కూలబడి గుడ్డ లాగింది. జానెడు నోరు, దువ్వెనలాంటి పళ్లు, మీసాలు! అది ఒక్కసారిగా ఎగిరి కొట్టుకుంది. ఆమె కెవ్వుమంది.

జాలరి శివన్న పకపకా నవ్వాడు. “గరిటె తెచ్చినావు సరే, మసాలా యాడక్కా? వాలుగ చేప ఇది. ఈడ బాళె అంటారు. కాలువ నీళ్లతో వచ్చి బాతుపిల్లల్ని మింగి బలిసిండాది.”

“నా బిడ్డ యాడప్పా?”

శివన్న నవ్వు ఆగిపోయింది. “ఇంతకుముందు ఆ బండకాడ గుడ్డ ఉతుకుతాండె...”

బండ మీద తడిచొక్కా ఒక్కటే ఉంది.

“షాలినీ!”

జవాబు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. శివన్న నీళ్లలోకి దిగాడు, మోకాళ్ల లోతు, నడుం లోతు. దూరంగా లారీల మోత. కృపమణి నీళ్ల అంచుదాకా వచ్చింది.

“కొట్టనమ్మా... ఒక్కసారి పలుకు తల్లీ.”

ఎంతసేపటికో, గట్టు పక్కనున్న పంపుషెడ్డు వెనక నుంచి సన్నగా వినబడింది:

“ముందు ఆ గరిటె కింద పడెయ్‌మా.”