వదులైన ఉంగరం

మా షెడ్డులో చేతికి ఉంగరంతో ఇంజన్ ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టిన మా అన్నే దాన్ని పాటించడు. ఎందుకంటే సబ్బు రాసి లాగినా ఆయన పెళ్ళి ఉంగరం వేలు దాటి వచ్చేది కాదు. "మీ వదిన వేసిన బేడీరా ఇది, తాళం ఆమె దగ్గరే ఉంది" అని నవ్వేవాడు.

ఈ ఉదయం ఆయన ఒక కారులో ఇంజన్ ఆయిల్ పోస్తుంటే, ఆ ఉంగరం దానంతటదే జారి ఆయిల్ పోసే రంధ్రంలో పడిపోయింది.

"ఇంజన్ స్టార్ట్ చేయకురా" అన్నాడు.

"నాకా చెప్తున్నావు? నిన్నగాక మొన్న దిగానా ఈ పనిలోకి?" అని విసుక్కున్నాను.

ఇంజన్ పైమూత విప్పితే ఆయిల్ మధ్య మెరుస్తూ కనబడింది. బంగారం అయస్కాంతానికి అంటుకోదు. తీగ చివర గ్రీజు ముద్ద పెట్టి, దానికి అంటించి పైకి తీశాను. తిరిగి ఇవ్వబోతూ ఆయన చేతిని సరిగ్గా చూశాను. వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి.

"ఒళ్ళు తగ్గించుకుంటున్నా అన్నావు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా? ఏమన్నాడు?"

"నీ నోటికి జడిసి చెప్పలేదురా. ఇక మందులతో లాభం లేదన్నాడు. మీ వదినకి తెలీదు."

నాకు తిట్టడం తప్ప ఏదీ రాదు. అప్పుడు అదీ రాలేదు. దారం వెతికి ఉంగరం లోపలివైపు చుట్టడం మొదలుపెట్టాను.

"బిగుతుగా చుట్టు. సబ్బు రాసి లాగినా రాకూడదు" అన్నాడు అన్న.