నది దాటని రైలు

జురేమా జున్ను తురుము కలిపిన పిండిని నూనె చేతులతో జున్ను రొట్టెలకని నిమ్మకాయంత ఉండలు చేసి పళ్లెంలో పేరుస్తోంది. యజమానురాలు దోనా లవీనియా ఇంట్లో ఆ సాయంత్రం అపార్ట్‌మెంటు వాళ్ల సమావేశం. సావోపాలోలో ఇంత శుభ్రమైన పేట ఇంకోటి లేదని ఆవిడ గొప్ప. దాన్ని శుభ్రం చేసేవాళ్లంతా నది అవతలినుంచి బస్సులు మారి మారి వస్తారన్నది మాత్రం ఆవిడకు పట్టని సంగతి.

జురేమా పొట్టి మనిషి. బలమైన భుజాలు, సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు. చీకటితో బయల్దేరి చీకటిపడ్డాకే ఇల్లు చేరుతుంది. ఇంట్లో ఉన్న మనవరాలిని ఆదివారం తప్ప మెలకువగా చూసి ఎరగదు. మెట్రో వస్తే పిల్ల నిద్రపోకముందే ఇంటికి చేరి, తన చేత్తో అన్నం తినిపించొచ్చు. ఆమె కోరికల్లా అంతే.

ఆ మెట్రో తెస్తానన్నవాడు జెనివాల్దో. పక్కింటి పిల్లాడు. తల్లి పనికి పోతే జురేమా వంటింట్లోనే చిక్కుడుగింజల కూర తిని పెరిగాడు. కార్పొరేటరుగా నిలబడితే ఆమె కాళ్లరిగేలా తిరిగి ఓట్లు అడిగి గెలిపించింది. డాబా మీద కూతురికి గది వేయబోతుంటే, "ఆగు పిన్నీ, స్టేషను మన వీధిలోనే పడుతుంది, కట్టింది కూల్చాల్సొస్తుంది" అన్నాడు. ఆగింది. లేపిన ఇనపచువ్వలు అలాగే తుప్పు పట్టాయి. ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తే వాడి తరఫున ఈమే పోట్లాడింది.

కాఫీలు తీసుకుని హాల్లోకి వెళ్లేసరికి దోనా లవీనియా అంటోంది, "ఇక్కడ స్టేషను పెడితే ఎవరెవరో దిగుతారు. మన వీధులు మనవి కాకుండా పోతాయి."

"ఆ లైను నది దాటదు, స్టేషనూ రాదు. కౌన్సిల్లో ఓటింగు నేను చూసుకుంటా. మా జనానికి బస్సులు అలవాటేనండీ," అన్నాడు సోఫాలో కూర్చున్న మనిషి.

జెనివాల్దో. వచ్చే ఎన్నికల్లో మా అండ మీకేనంటూ ఒకాయన వాడి భుజం తట్టాడు. జురేమా కప్పు అందించింది. వాడు ఆ చేతిని చూసి, తలెత్తి మొహం చూశాడు.

"థాంక్సమ్మా," అన్నాడు, ఎవరో పనిమనిషితో అన్నట్టు.

కాసేపటికి మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వచ్చాడు. "పిన్నీ, నువ్విక్కడ చేస్తున్నావని తెలీదు."

"తెలిస్తే ఇంకో ఇంట్లో చెప్పేవాడివా?"

"రాజకీయం నీకర్థం కాదు. ఇప్పుడు కాకపోతే ఇంకోసారి తెస్తా."

"ఇందాక ఏ బస్సులో వచ్చావురా?"

వాడు చిన్నప్పటి చనువుకొద్దీ వేడి జున్ను రొట్టె ఒకటి తీసుకోబోయాడు. ఆమె పళ్లెం వెనక్కి లాగేసింది. వాడి కోసం ఊరందరితో తగువులాడినందుకు ఆమెకు కోపం కంటే సిగ్గే ఎక్కువేసింది. నమ్మించి గొంతు కోశాడు. ఆ నమ్మకాన్ని ఇంటింటికీ తిరిగి పంచింది మాత్రం తనే.

ఆ రోజు చివరి బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. కాళ్లు వాచిపోయాయి. చెప్పులు విడిచి, అద్దానికి తల ఆనించింది. వంతెన మీద బండ్లు బారులు తీరి కదలడం లేదు. ఛాతీలో ఏదో పట్టేసినట్టయితే, ఇంటికెళ్లి పడుకుంటే సర్దుకుంటుందనుకుని కళ్లు మూసుకుంది.

ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. చల్లబడిన చేతిని పట్టుకు చూసి డ్రైవర్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి ఆమెను జాగ్రత్తగా దించి బెంచీ మీద పడుకోబెట్టారు.

సీటు కింద ఆమె చెప్పులు, అరిగిన మడమలతో, పక్కపక్కనే ఉండిపోయాయి.