కొండల అవతలి ఆకాశం

గిద్దలూరు దాటాక, నల్లమల మొదలయ్యే చోట ఒక చిన్న రైల్వే స్టేషను ఉండేది. దాని మాస్టరు ప్రభాకరరావుది బాపట్ల. భార్య పోయాక, వచ్చేపోయేవాళ్ళ పరామర్శలు పడలేక తనే అడిగి అక్కడికి బదిలీ చేయించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఎవరైనా వచ్చి పలకరిస్తే బాగుండుననిపించసాగింది.

1938 శ్రావణంలో ఒక పొద్దున, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నాగులు పరుగున వచ్చాడు.

"అయ్యా, బీడు నేలలో ఇమానం దిగింది! గొర్రెలన్నీ చెదిరిపోయినాయి. దాంట్లోనించి ఎవరో దొర దిగి ఇట్లనే వస్తాండాడు."

వచ్చినవాడు దొర కాదు, కృపాకర్ అనే యువకుడు. తండ్రి బెజవాడలో డాక్టరు. మద్రాసులో విమానం నడపడం నేర్చుకుని, సొంతంగా ఒకటి కొనుక్కుని, రైలు పట్టాలు చూసుకుంటూ బెజవాడ నుంచి బళ్ళారి వెళ్తున్నాడు.

"బళ్ళారిలో వాన లేదని కనుక్కునే బయల్దేరానండీ. మధ్యలో ఈ కొండల సంగతి అడగాలని తోచలేదు," అన్నాడు సిగ్గుపడుతూ. "పట్టాలు మబ్బులోకి పోయాయి. అవతల ఎలా ఉందో తెలియకుండా దూరితే కొండకు కొట్టుకోవడమే."

"కూర్చో బాబూ. కొండల అవతల గాజులపల్లె స్టేషనుకు తంతి కొట్టి అడుగుతాను."

గాజులపల్లె వాళ్ళు చూసి చెబుతామన్నారు. ఈలోగా ప్రభాకరరావు వంకాయ కూరతో అన్నం పెట్టాడు. కృపాకర్ మారు వడ్డించుకుని తిన్నాడు. పైనుంచి చూస్తే బాపట్ల దగ్గర సముద్రం ఎన్ని రంగుల్లో ఉంటుందో చెప్పాడు.

"మా ఆవిడకు సముద్రమంటే భయం," అన్నాడు ప్రభాకరరావు. "ఒడ్డున నా చెయ్యి వదిలేది కాదు."

ఆమె గురించి నోరు విప్పడం ఈ ఊరొచ్చాక అదే మొదలు. ఇంకా చెప్పాలనిపించింది. అంతలో తంతి మోగింది. వెళ్ళి విన్నాడు. అవతల మబ్బు పైకి లేచింది, కొండ కొసలు కనిపిస్తున్నాయి.

"ఏమంటున్నారండీ?" గుమ్మంలోంచి అడిగాడు కృపాకర్. అతనికి ఆ టకటకలు అర్థం కావు.

ఇంకా మూసుకునే ఉందని చెబితే సాయంత్రం దాకా ఉంటాడు. రాత్రికీ ఉంటాడేమో. ప్రభాకరరావు చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. ఆ కుర్రవాడు తన మాట నమ్మి ఎగురుతాడు, నమ్మి ఆగుతాడు. గుమ్మం వైపు తిరిగాడు.

"తెరిపిచ్చిందట. ఇప్పుడే వెళ్ళు నాయనా. మధ్యాహ్నం దాటితే మళ్ళీ కమ్ముతుంది."

బీడు దాకా వెంట వెళ్ళాడు.

"తిరిగొచ్చేప్పుడు దిగుతానండీ," అన్నాడు కృపాకర్.

"ఆకాశం బాగుంటే దిగొద్దు. నేరుగా ఇంటికెళ్ళు. మీ అమ్మ చూస్తుంటుంది."

విమానం పట్టాల మీదుగా కొండల్లోకి చిన్నదైపోయింది. కాసేపటికి గాజులపల్లె నుంచి కబురొచ్చింది, క్షేమంగా దాటిపోయిందని.

"నాగులూ, కాసేపు కూర్చోరా," అన్నాడు ప్రభాకరరావు.

"గొర్రెలు ఏడికి పోయినాయో ఏందో సామీ! మా ఆడది ఒక్కతే ఎతుకుతాంది. బండి టయానికి వస్తా." నాగులు వెళ్ళిపోయాడు.

ప్రభాకరరావు లోపలికొచ్చి తంతి ముందు కూర్చుని, మళ్ళీ గాజులపల్లెను పిలిచాడు.

"అక్కడ ఇంకా ఎండేనా?"

"ఎండే. ఇంకో విమానం ఏమైనా వస్తోందా?"

"లేదు," అని కొట్టాడు. "ఊరికే అడిగాను."