వెనక్కి పంపవలసిన పెట్టె

మీటింగ్ రూంలో తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీని రాధారాణి వెనక్కి లాగి, తడిగుడ్డతో దాని చేతులు తుడిచి, మళ్ళీ టేబుల్ దగ్గరికి జరిపింది. అది చైనా నుంచి వచ్చే మిస్టర్ గువో కుర్చీ. పెద్ద అతిథి తలుపుకి వీపు పెట్టి కూర్చోకూడదని ఆయన వెంట వచ్చే మిస్ లిన్ కిందటిసారి చెప్పింది. ఇంగ్లండు నుంచి వచ్చే ఎడ్వర్డ్‌కి ఇలాంటివేమీ పట్టవు. ప్లగ్ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటాడు. అందుకని ఆయన పేరున్న అట్టముక్కని ప్లగ్ పక్కనే పెట్టింది.

తుడుస్తూనే ఫోన్ వంక చూసింది. సుమతక్క దగ్గర్నుంచి ఏమీ లేదు. సుమతక్క తన ఇంట్లోనే డే కేర్ నడుపుతుంది. పొద్దున అక్కడ దింపేటప్పుడు కూతురు అవని రెండుసార్లు దగ్గింది. మామూలు దగ్గేనని తనకి తాను చెప్పుకుంది గానీ, ఆ దగ్గు ఆమె చెవిలోనే ఉండిపోయింది.

ఫ్రీమాంట్‌లో గోడౌన్ల వరస చివర ఉన్న చిన్న ఆఫీసది. లేబొరేటరీల్లో వాడే పంపులు ఇంగ్లండు కంపెనీ డిజైన్ చేస్తుంది, చైనా కంపెనీ తయారుచేస్తుంది, అమెరికాలో అమ్మడానికి ఇద్దరూ కలిసి ఈ ఆఫీసు పెట్టుకున్నారు. రాధారాణి ఇక్కడ ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి. కొరియర్లు పంపడం, టీ కాఫీలు చూడటం, ఎవరైనా వస్తే హోటళ్ళు బుక్ చేయడం ఆమె పని. సన్నటి మనిషి. నల్ల ప్యాంటు మీద నీలం స్వెట్టర్ వేసుకుని, చేతి గాజులు మీటింగులో గలగలలాడకుండా వాటికి రబ్బరుబ్యాండు చుట్టుకుంటుంది.

ఈ ఆఫీసు ఉంటుందో మూతపడుతుందో ఇవాళ తేలుతుంది. రెండు కంపెనీల ఒప్పందం గడువు అయిపోవస్తోంది. ఉంటే ఆమె కాంట్రాక్టు పొడిగిస్తామన్నారు. లేకపోతే ఇంట్లోనే. భర్త లోకేష్ వీసాని పట్టుకుని ఆమె వీసా, ఆ వీసాని పట్టుకుని ఆమె వర్క్ పర్మిట్ వేలాడుతున్నాయి. ఆ పర్మిట్ కూడా కొద్ది నెలల్లో అయిపోతుంది. అలాంటి మనిషిని కొత్తగా ఎవరూ తీసుకోరు. ఉద్యోగం పోతే అవని డే కేర్ మానాలి. మళ్ళీ ఆ ఒంటి బెడ్‌రూం అపార్ట్‌మెంట్. హాల్లో లోకేష్ కాల్స్‌లో ఉంటే, పిల్ల గొంతు వినబడకూడదని తల్లీకూతుళ్ళిద్దరూ బాత్రూంలో తలుపేసుకుని, చల్లటి గచ్చు మీద తువ్వాలు పరుచుకుని గుసగుసగా ఆడుకున్న రోజులు ఆమెకి గుర్తున్నాయి. ఇప్పటికీ అవని బొమ్మలతో మాట్లాడేటప్పుడు గుసగుసగానే మాట్లాడుతుంది.

ప్యాంట్రీలో గట్టు మీద పెట్టె ఉంది. ఎర్ర పట్టుగుడ్డ అంటించిన పెట్టె. లోపల మట్టితో చేసిన టీ కూజా, ఆరు చిన్న కప్పులు, ఒక టీ ఆకు పొట్లం. కిందటిసారి వచ్చినప్పుడు గువో దాన్ని రెండు చేతులతో ఎడ్వర్డ్‌కి ఇచ్చాడు. ఎడ్వర్డ్ అక్కడికక్కడే కాగితం చింపి, "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ!" అని మురిసిపోయాడు. గువో మొహం తిప్పుకుని కిటికీలోంచి కార్లు చూశాడు. ఇచ్చినవాళ్ళ ఎదుటే విప్పి చూడటం రాధారాణికీ ఇబ్బందిగానే అనిపించింది. వాళ్ళ తణుకులోనూ అంతే. తీసుకున్నది లోపల పెట్టి, వాళ్ళు వెళ్ళాకే విప్పుతారు.

ఆ పెట్టె గురించే పొద్దున ఎడ్వర్డ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. తీరిక దొరికినప్పుడు, వీలైతే, ఆ టీ సెట్టు మిస్టర్ గువో ఆఫీసుకి తిరిగి చేరితే బాగుంటుందేమో, ఖరీదైన కానుకలు ఉంచుకోవడం కంపెనీ రూల్సుకి కుదరదట పాపం, అని రాశాడు. చేరిన కొత్తలో ఆమె ఇలాంటి మెయిళ్ళు చూసి నిజంగానే తీరిక కోసం ఎదురుచూసేది. ఇప్పుడు తెలుసు. తీరిక దొరికినప్పుడంటే ఇప్పుడే.

లేబుల్ అంటించింది. టేపు కూడా వేయబోయి ఆగింది.

చిన్నప్పుడు పెద్దమ్మ కూతురికి సంబంధం కుదిరి తాంబూలాలు పుచ్చుకున్నారు. కొన్నాళ్ళకి ఆ పళ్ళెం ఒక ఆటో డ్రైవరు చేతిలో గుమ్మం ముందుకి వచ్చింది. ఎవరూ ఒక్క మాటా అనలేదు, ఎవరూ పోట్లాడలేదు. పెద్దమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు గువో ఇంకో గంటలో గుమ్మంలోకి వస్తుంటే, ఆయన పెట్టిన పెట్టె అదే గుమ్మంలోంచి బయటికి వెళ్ళాలా?

కొరియర్ అబ్బాయి వచ్చాడు. "రేపు తీసుకెళ్ళు," అంది.

ఇచ్చింది వెనక్కి పంపనని కాదు. రేపు పంపుదామని.

మీటింగ్ మొదలైంది. ఆమె పేపర్ కప్పుల్లో వేడినీళ్ళు, టీ బ్యాగులు పెట్టి ట్రే తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎడ్వర్డ్ ఎర్రటి మొహం, పొడుగు మనిషి, వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. గువో పొట్టిగా, గట్టిగా, ముదురు రంగు కోటులో కదలకుండా కూర్చున్నాడు. ఆయన ముందు ఫైలు మూసి ఉంది. పక్కన మిస్ లిన్. ఇటు చివర హంసిక, ఆఫీసు మేనేజరు, లాప్‌టాప్‌లో నోట్స్ రాసుకుంటోంది.

ఎడ్వర్డ్ ఏదో క్లాజు చదివి వినిపించాడు. గువో ఏమీ అనలేదు. ఆ మౌనం ఎడ్వర్డ్ భరించలేకపోయాడు. నవ్వి, తన కంపెనీ మీద తనే ఏదో జోకు వేసుకున్నాడు. కిందటేడు కూడా ఇలాగే, "మేమంత తెలివైనవాళ్ళం కాదులెండి," అని నవ్వాడు. వారం తిరక్కుండా చైనా నుంచి మెయిల్ వచ్చింది, మీ డిజైన్లన్నీ మా ఇంజనీర్ల చేత మళ్ళీ చూపిస్తామని.

"స్టడీ చేస్తాం," అన్నాడు గువో. టీ బ్యాగు దారం కప్పు బయటికి వేలాడుతోంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ప్యాంట్రీలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"రాధా, కంగారుపడకు గానీ, పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందే."

"ఎంత ఉందక్కా?"

"చూశాను, నూటొకటి. పడుకోబెట్టాను. అమ్మ ఎప్పుడొస్తుందని ఒకటే అడుగుతోంది. నీకు తెలుసుగా, జ్వరం వస్తే మిగతా పిల్లల్తో ఉంచకూడదు."

"ఒక్క గంటక్కా. ఈ ఒక్క మీటింగ్ అయిపోతే పరిగెత్తుకొచ్చేస్తా. తడిగుడ్డ వేస్తావా?"

"వేశానులే తల్లీ. నేనేమన్నా రాయినా? రా నువ్వు."

ఫోన్ పెట్టేసి గట్టుకి ఆనుకుని నిలబడింది. గాజు తలుపులోంచి గువో ఫైలు తీసి పక్కన పెట్టుకోవడం కనిపించింది. లేవబోయేవాళ్ళు చేసే పని అది. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు ఇలాగే కండువా సర్దుకుంటారు. ఇంటికెళ్ళి కబురు చేస్తామంటారు. ఇక కబురు రాదు.

పెట్టె మూత తీసింది. ఎందుకు తీసిందో అప్పుడు ఆలోచించలేదు. కూజాని వేడినీళ్ళతో కడిగింది, పొట్లంలోని ఆకు వేసింది, నీళ్ళు పోసింది. మట్టివాసన, ఎండుగడ్డిలాంటి వాసన కలిసి లేచాయి. ట్రే మీద కూజా, కప్పులు పేర్చి ఎత్తుకుంది. పందొమ్మిదేళ్ళప్పుడు, డిగ్రీ రెండో ఏడు పరీక్షల ముందు, ఇలాగే ఒక ట్రేతో ఒక గదిలోకి నడిచింది. ఆ తర్వాత ఆ పరీక్షలు రాయలేదు.

ట్రే టేబుల్ మీద పెట్టగానే గువో కళ్ళు కూజా మీద నిలిచాయి. లేచి నిలబడ్డాడు. ట్రేలోంచి కూజా అందుకుని, ముందుగా ఎడ్వర్డ్‌కి పోశాడు. తర్వాత హంసికకి, మిస్ లిన్‌కి, తనకి. ఇంకో కప్పు నింపి, రెండు చేతులతో టేబుల్ చివర, రాధారాణి నిలబడ్డ వైపు పెట్టి తల ఊపాడు. ఆమె కూడా తల ఊపింది గానీ తీసుకోలేదు. ఆ గదిలో ఆమె ఎప్పుడూ కూర్చుని ఏదీ తాగలేదు.

ఎడ్వర్డ్ తన కప్పు మర్యాదగా ఖాళీ చేశాడు. గువో మర్యాదగా మళ్ళీ నింపాడు. పోసింది వదలకూడదని పెరిగిన మనిషి ఎడ్వర్డ్, మళ్ళీ తాగాడు. అతిథి కప్పు ఖాళీగా ఉండకూడదని పెరిగిన మనిషి గువో, మళ్ళీ పోశాడు. ఇలా ఎన్నిసార్లయిందో గానీ, ఎడ్వర్డ్ నుదుటి మీద చెమట పట్టింది. మిస్ లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గువో పెద్దగా నవ్వాడు. ఆ ఆఫీసులో ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ మట్టి తన అమ్మమ్మ ఊరి దగ్గరిదని చెప్పడం మొదలుపెట్టాడు. కాగితాల సంగతి రేపు చూద్దాం, ఇవాళ అందరం కలిసి భోంచేద్దాం అన్నాడు. లిన్ ఫోన్ తీసి, కూజా పట్టుకున్న ఎడ్వర్డ్‌నీ ఆయన భుజం మీద చెయ్యి వేసిన గువోనీ ఫొటో తీసింది. తమ కంపెనీ పేజీలో పెడతానంది.

ఎడ్వర్డ్ చెవులు కెంపుల్లా అయ్యాయి. "లవ్లీ, రాధా," అన్నాడు. "ఎంత ఆలోచించి చేశావు."

ఆమె పొంగిపోయింది. అవని జ్వరం కూడా ఒక్క క్షణం మరిచిపోయింది.

వాళ్ళు గోడౌన్ చూడ్డానికి వెళ్ళాక హంసిక ప్యాంట్రీలోకి వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే, శాన్ రామన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ముప్పై మూడేళ్ళ రాధారాణిని మొదటి రోజు నుంచీ ఆంటీ అనే పిలుస్తుంది.

"ఆంటీ, అది కొరియర్‌కి ఇవ్వలేదా మీరు?"

"రేపు ఇద్దామనుకున్నానమ్మా. ఆయన వచ్చే పూట తిప్పి పంపిస్తే ఏం బావుంటుంది? కుదిరిన సంబంధం చెడగొట్టుకున్నట్టుంటుంది."

"ఆంటీ... ఎడ్వర్డ్ పొద్దున్నే లండన్‌కి మెయిల్ పెట్టాడు. గిఫ్ట్ రిటర్న్ చేసేశాం అని. ఇప్పుడు ఫొటో ఆన్‌లైన్ వెళ్తుంది. వాడిన కప్పులు రిటర్న్ ఎలా చేస్తారు?"

రాధారాణి సింకులో నీళ్ళు కట్టేసింది.

"ఆఫీసు ఉంటుందా మరి?"

"ఉంటుంది. గువో సూపర్ హ్యాపీ. రేపు సైన్ చేస్తాడు."

"హమ్మయ్య."

"ఆంటీ, వినండి. మీ ఎక్స్‌టెన్షన్ పేపర్ నా దగ్గరే ఉంది. దాన్ని ఎడ్వర్డ్ ఇందాకే హోల్డ్ చెయ్యమన్నాడు."

"హోల్డ్ అంటే?"

హంసిక గోళ్ళు చూసుకుంది. "నో అనే. ఆయన నో అనడు కదా. ఎవరో మిస్టేక్ చేశారు, వాళ్ళు ఇప్పుడు లేరు అని లండన్‌కి చెప్పాలి. ఏజెన్సీ వాళ్ళు మీకు కాల్ చేస్తారు. బ్యాడ్జ్ రిటర్న్ చెయ్యడానికి... నో రష్ అన్నాడు."

"నో రష్ అంటే ఇవాళేగా," అంది రాధారాణి.

హంసిక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను మాట్లాడాను ఆంటీ. ప్రామిస్. నా మాట విన్లేదు."

"ఊరుకో తల్లీ. నువ్వేం చేస్తావు?"

గోడౌన్ నుంచి వస్తూ ఎడ్వర్డ్ ఆమె బల్ల దగ్గర ఆగాడు. పాపకి ఒంట్లో బాగోలేదని హంసిక చెప్పిందట. ఇంకా ఇక్కడే ఉన్నావేం, వెళ్ళు వెళ్ళు, నువ్వు చాలా గొప్ప సాయం చేశావు అన్నాడు. మాటలు మెత్తగా ఉన్నాయి. కళ్ళు మాత్రం ఆమె భుజం మీదుగా గోడవైపు చూస్తున్నాయి. ఆ వెనక గువో వస్తూ ఆమెని చూసి చెయ్యెత్తి, రాత్రి భోజనానికి రమ్మన్నట్టు సైగ చేశాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎప్పటికీ చెప్పరు.

ఆమె డ్రాయరు తెరిచి అవని గీసిన పిల్లి బొమ్మ తీసుకుంది. ఫ్రిజ్‌లోంచి టిఫిన్ డబ్బా తీసుకుంది. బ్యాడ్జ్ మెడలోంచి తీసి కీబోర్డు మీద పెట్టింది. బాత్రూం గచ్చు గుర్తొచ్చింది, దాని మీద పరిచే పచ్చ తువ్వాలు కూడా. లోకేష్‌కి ఏమని చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకుంది. ఏదీ కుదరలేదు. ఫోన్‌లో సుమతక్క మెసేజ్: అడుగుతోంది, ఎక్కడున్నావ్.

చేతి మీది రబ్బరుబ్యాండు తీసేసింది. గాజులు కిందికి జారి మణికట్టు దగ్గర చప్పుడు చేశాయి.

వెళ్తూ వెళ్తూ అలవాటుగా మీటింగ్ రూం లైటు ఆర్పడానికి తలుపు తీసింది. కుర్చీలన్నీ అటూ ఇటూ జరిగి ఉన్నాయి. కూజా మూత పక్కన పడి ఉంది. నాలుగు కప్పుల అడుగున ఆకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. కడిగి పెడదామని ఒక అడుగు లోపలికి వేసి, ఆగి, ఫోన్ మళ్ళీ మోగుతుంటే వెనక్కి తిరిగింది.

టేబుల్ చివర, ఆమె నిలబడ్డ వైపు, గువో రెండు చేతులతో పెట్టిన ఐదో కప్పు అంచుదాకా నిండి, చల్లారి, పైన సన్నటి పొర కట్టి అలాగే ఉంది.