పప్పులో రాయి, ఆకాశంలో రాయి

"ఇంత రాయి కనపడలేదా నీకు?" అన్నాడు భర్త, పంటి కింద పడ్డదాన్ని తీసి కంచం అంచున పెడుతూ.

ఇంత అంటే మరీ ఇంతేం కాదు. ఆవగింజకి తమ్ముడు. కానీ ఆయన దవడ పట్టుకుని కూర్చున్న తీరు చూస్తే ఏకంగా కొండనే కొరికాడనుకోవాలి. తల్లి వచ్చి పరామర్శించేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

"ఆకాశంలో రాళ్లు కనపడతాయిట, పప్పులో రాయి కనపడదుట. ఏం కళ్లమ్మా నీవి?" అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే ఆ పూట భోజనం అక్కడితో సరి కాబట్టి మజ్జిగ వడ్డించింది. అత్తగారు అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు మరి.

ఆమె ఊరి చివర గుట్ట మీదున్న వేధశాలలో ఉద్యోగం చేస్తుంది. రాత్రి షిఫ్టువాళ్లు పెద్ద టెలిస్కోపుతో తీసిన ఫొటోలను పగటిపూట కూర్చుని చూడడం ఆమె పని. ఒకే ఆకాశపు ముక్కను కాస్త ఆగి కాస్త ఆగి తీసిన ఫొటోలవి. వాటిని తెర మీద ఒకదాని వెంట ఒకటి గబగబా తిప్పుతుంది. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏ చుక్కయినా పక్కకు గెంతిందంటే అది నక్షత్రం కాదు, దారిన పోయే రాయి. ఈ గెంతే చుక్కల్ని పట్టడం ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే మా ఇంట్లోనే అని చెప్పేది. ఆ ఇంట్లో కదలని వస్తువు లేదు. పొద్దున టీవీ మీదున్న భర్తగారి కళ్లజోడు మధ్యాహ్నానికి చెప్పుల అరలో ఉదయిస్తుంది. అత్తగారి మందు సీసా దిండు కింద అస్తమిస్తుంది. ఇక ఆయన సాక్సులైతే ఒకటి మంచం కింద, ఒకటి కిటికీలో, ఎవరి కక్ష్యలో వాళ్లు. ఆ రెండూ మళ్లీ ఎప్పుడు కలుస్తాయో చెప్పగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

కొన్నేళ్ల కిందట అలాగే ఒక చుక్క గెంతింది. కుజుడికీ గురుడికీ మధ్య గుంపుగా తిరిగే రాళ్లలో ఒకటి. ఇనుము కాదు, బొగ్గులా నల్లటిది కాదు, ఉత్త రాయి. వేధశాల ఉన్న గుట్టంత ఉంటుంది. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి నాలుగేళ్లు పైనే పడుతుంది. ఏళ్ల తరబడి చూసి చూసి, దాని దారి ఖాయమయ్యాక, ఈ వారమే సంఖ్య ఇచ్చారు. సంఖ్య వచ్చిన రాయికి పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్లది. పదేళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. ఇంట్లో పిల్లకు పేరు పెట్టినప్పుడు కూడా ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆమెకు తనదని చెప్పుకోవడానికి దొరికిన మొదటి హక్కు ఇదే.

"బంగారం ఏమన్నా ఉంటుందా అందులో?" అని అడిగాడు భర్త.

"లేదండీ. రాయే."

"పోన్లే పాపం" అన్నాడు.

కానీ ఆయన ఆఫీసు క్యాంటీన్‌లో మాత్రం ఆ రాయి రోజుకింత పెరిగింది. సోమవారం గుట్ట, బుధవారం పర్వతం, శుక్రవారానికి దాని మీద ఒక నది కూడా పారింది. శనివారం నాటికి దాన్ని కనిపెట్టిన కళ్లజోడు ఆయన కొనిపెట్టిందేనని తేలింది. ఆమెకు అసలు కళ్లజోడే లేదు.

వేధశాలలో వేరే వైభవం. పత్రికలవాళ్లు వస్తే డైరెక్టరుగారు టెలిస్కోపు పక్కన నిలబడి వివరించారు. "అమ్మా, నీ చేతి టీ అయితే అందరికీ బావుంటుంది" అన్నారు మధ్యలో. ఆమె ట్రే పట్టుకొచ్చేసరికి ఫొటో తీయడం అయిపోయింది. మిగిలిన కప్పు ఆమెది. అప్పటికే చల్లారిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన, "మన వేధశాల గోపురానికి రంగులు వేయించిన పెద్దాయన పేరు పెడితే మనకే మంచిదమ్మా. సోమవారం చెప్పు" అన్నారు.

ఆదివారం ముందుగదిలో సభ. ఆమె వంటింట్లో టీ పెడుతోంది. రాయి ఆమెది, సభ వాళ్లది.

"మా కొట్టు పేరు పెట్టు వదినా, ఎలాగూ రాయి వ్యాపారమే" అని కేకేశాడు టైల్స్ అమ్మే మరిది.

"కొట్ల పేర్లు ఒప్పుకోరయ్యా."

"ఇంతోటి రాయికి ఎంత టెక్కు."

"నాన్న పేరు పెడదాం" అన్నాడు భర్త గంభీరంగా. "నే చెప్పానంటే చెప్పినట్టే. అది కాదనదు."

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "ఆయన బతికున్నన్నాళ్లూ ఇల్లు పట్టకుండా తిరిగాడు. పోయాక కూడా తిరగమంటావా?" అంది.

మరిది పొలమారేదాకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నా పేరేమిటో చెప్పు చూద్దాం" అంది కోడలితో, చిన్నగా.

కోడలికి వెంటనే గుర్తురాలేదు.

"పర్లేదులే. పిలిచేవాళ్లు పోయి చాలా కాలమైంది" అని చక్కెర డబ్బా అందించింది అత్తగారు.

ఆ మాట కోడలితోపాటు పడుకుంది, ఆమెతోపాటే లేచింది. సోమవారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పోనీ నా పేరే పెడితే, అనుకుంది. అనుకోగానే ఒళ్లు పులకరించిన మాట నిజం. కానీ వెంటనే భర్త ఆఫీసు క్యాంటీన్ కళ్ల ముందు కనపడింది. మా ఆవిడ పైన తిరుగుతోందండీ, కింద నేను చేయి కాల్చుకుంటున్నాను, అంటాడు. నిమిషంలో ఆ రాయి కూడా ఆయన భార్య అయిపోతుంది. అయినా పిలుపులకు తక్కువేముంది తనకు? ఏమోయ్ అంటే టీ. అమ్మా అంటే ఆకలి. వదినా అంటే ఇంకో ఇద్దరు భోజనానికి. ఆఫీసులో అమ్మా అంటే మళ్లీ టీ. ఇవన్నీ గిన్నెకుండే పిడిలాంటివి, పట్టుకుని ఎత్తడానికి పనికొస్తాయి. అక్కడ ఆ రాయి ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఎవరూ ఏమీ తెమ్మనలేదు. తన పాటికి తాను ఎండ కాచుకుంటూ, నాలుగేళ్లకోసారి చుట్టు తిరిగొస్తోంది, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా.

"ఏం పేరు ఖాయం చేశావమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"పేరు వద్దు సార్."

"అదేమిటి? నువ్వు చెప్పకపోతే ఉత్త సంఖ్యతో పదేళ్లు పడుంటుందది."

"ఉండనివ్వండి సార్. పేరుంటే పిలుస్తారు."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె తన కుర్చీలోకి వెళ్లి ఆ రోజు ఫొటోలు తిప్పడం మొదలుపెట్టింది. ఎవరో టీ సంగతి అడిగారు. ఫ్లాస్కు ఎక్కడుందో చూపించింది.

సాయంత్రం ఇంటికొచ్చి రెండు కప్పులు పోసింది. రెండే. ఒకటి అత్తగారి చేతికిచ్చి, పెరటి మెట్టు మీద పక్కన కూర్చుంది. ఈసారి ఆవిడను పేరు అడిగి తెలుసుకుంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కూడా.

"ఏమోయ్, నా కళ్లజోడేదీ?" అని లోపలినుంచి వినపడింది.

చెప్పుల అరలో ఉంది. ఆమెకు తెలుసు. అత్తగారు అలవాటు కొద్దీ మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

"కూర్చోండి అత్తయ్యా, చల్లారిపోతుంది."

ఆవిడ కోడలి వంక చూసింది. మెల్లగా మళ్లీ కూర్చుంది.

"ఏమోయ్, నిన్నే. వినపడలేదా?"

"వినపడిందండీ" అంది ఆమె, ఇంకో గుక్క తాగి. టీ ఇంకా వేడిగానే ఉంది.